రెండోసారి అడగని డాక్టరు

రూవీ, మస్కట్
అక్టోబరు 4, 1983

తాతయ్యకు మనవరాలు జువైనా సలాములు. నానమ్మ చేతులకు ముద్దులు.

నేను ఇక్కడ క్షేమం. హాస్టల్లో పోయిన నెల లాగా కాకుండా అన్నమూ చేపా రెండూ ఒకే రోజు ఉడుకుతున్నాయి. ఆఫీసులో నాకంటూ ఒక బల్ల ఇచ్చారు, దాని మీద టైపు మిషను పెట్టారు. మన ఇంట్లో బడి ముఖం చూసినదాన్ని నేనొక్కదాన్నే కదా, ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు వీపు దానంతటదే నిటారుగా అవుతుంది.

నా పనేమిటని అడిగారు. దేశంలోని సర్కారు ఆసుపత్రులన్నిటి నుంచి నెలనెలా కాగితాలు వస్తాయి. ఎవరు వచ్చారు, ఏం జబ్బు, ఏం మందు ఇచ్చారు అని. వాటిని టైపు చేసి మా పెద్దసారు ఉస్తాద్ యాఖూబ్ ముందు పెట్టాలి. నిన్న మన హైల్ రుమ్మాన్ కాగితాలు నా చేతికొచ్చాయి. సంతోషంగా తెరిచాను. ఒక విరిగిన కాలు, రెండు తేలుకాట్లు తప్ప మిగతా ప్రతి పేరుకూ ఎదురుగా డాక్టర్ రిఫత్ ఒకే మాట రాశారు: "ఏ బాధా లేదన్నారు." ఆర్నెల్లుగా ఇదే మాట.

ఉస్తాద్ యాఖూబ్ చూసి నవ్వారు. "ఏం నీళ్ళు తాగుతారమ్మా మీ ఊళ్ళో? ఒక సీసా తెప్పించు, నా మోకాళ్ళకు రాసుకుంటాను" అన్నారు. నవ్వడం అయ్యాక, "ఇంత ఆరోగ్యంగా ఉన్న ఊరికి డాక్టరెందుకు? వాగవతల ఖుతైమ్ వాళ్ళు రెండేళ్ళుగా అడుగుతున్నారు. డిసెంబరు చివర ఈయన్ని అక్కడికి పంపిద్దాం" అన్నారు.

డిసెంబరు చివరంటే షంసా వదినకు నెలలు నిండే వేళ. అప్పుడు వాగు పొంగితే ఖుతైమ్ అయినా ఒకటే, మస్కట్ అయినా ఒకటే. పోయినసారి నొప్పులొస్తే వదినను లారీ వెనక పడుకోబెట్టి రుస్తాక్ పట్నం తీసుకెళ్ళారు. బిడ్డ దారిలోనే పోయింది. ఊళ్ళోకి డాక్టరు వచ్చాకే సైఫ్ అన్నయ్య ముఖంలో మళ్ళీ నవ్వు చూశాను. ఆయన్ని పోనివ్వకూడదు.

నిజం చెప్పండి తాతయ్యా. మన ఊళ్ళో ఎవరికీ ఏ జబ్బూ లేదా?

మీ జువైనా

తా.క. బస్సు డ్రైవరు చేత ఖర్జూరాలు పంపకండి. పోయినసారి నాకు ఖాళీ డబ్బా, మీ చీటీ అందాయి. చీటీలో "ఎవరికీ పెట్టకు, మొత్తం నువ్వే తిను" అని ఉంది.


హైల్ రుమ్మాన్
అక్టోబరు 15

నా కంటివెలుగు జువైనాకు తాత ముహన్నా బిన్ ఖల్ఫాన్ దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ అందరమూ క్షేమం. ఊరు క్షేమం, తోటలు క్షేమం, కాలువ పారుతోంది. వార్తలేమీ లేవు, విశేషాలేమీ లేవు, అల్లా దయ. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఊళ్ళో ఎవరికీ ఏ జబ్బూ లేదు.

ఇట్లు
నీ తాత

తా.క. కూర్చున్నావా? కహ్వా కాఫీ తాగావా? ఇంకేమిటి సంగతులు అంటావా, ఇప్పుడు విను.

నానమ్మకు ఎడమ కన్ను సరిగా కనబడటం లేదు. నిన్న మేకకు పెట్టాల్సిన గడ్డి నా పళ్ళెంలో పెట్టింది. కాలువ వీధిలో పిల్లలకు చలిజ్వరం. మీ చిన్నాన్న కాసిమ్ ఖర్జూరపు చెట్టు మీంచి పడ్డాడు, నీ కాగితంలో ఉన్న విరిగిన కాలు అతనిదే. నా కడుపులో మంట సంగతి వదిలెయ్, అది నాతోపాటే పెరిగింది.

మరి డాక్టరుకు ఎందుకు చెప్పలేదంటావు. ఆయన మంచివాడే జువైనా. కానీ ఈజిప్టు మనిషి. గుమ్మంలో కాలు పెట్టామో లేదో "ఏమిటి బాధ?" అంటాడు. మర్యాద తెలిసినవాడు దానికేమంటాడు? "ఏ బాధా లేదు, అల్లా దయ" అంటాడు. అప్పుడు కూర్చోబెట్టాలి. రెండు ఖర్జూరాలు, ఒక కప్పు కహ్వా ఇవ్వాలి. "ఇంకేమిటి సంగతులు?" అని రెండోసారి అడగాలి. అప్పుడు కదా నోరు విప్పేది! మనం చావు కబురైనా రెండోసారి అడిగితేనే చెబుతాం. ఈయనేమో "చాలా సంతోషం, తర్వాతి వాళ్ళు రండి" అంటాడు. కాసిమ్ కూడా "ఏ బాధా లేదు" అనే అన్నాడు. వేలాడుతున్న కాలును చూసి డాక్టరు తనే కట్టు కట్టాడు. కాబట్టి పైకి కనిపించే జబ్బుకు ఊళ్ళోనే మందు దొరుకుతోంది. కనిపించనిది రుస్తాక్ బజారుకు పోతోంది.

బజారులో కొత్తగా పెట్టిన ప్రైవేటు ఆసుపత్రి గుమ్మంలో ఖమీస్ అని ఒకాయన ఉంటాడు. కూర్చోబెడతాడు, కహ్వా పోస్తాడు, రెండోసారి అడుగుతాడు. తర్వాతే డాక్టరు. తలకు మూడు రియాళ్ళు, లారీ బాడుగ వేరే. డాక్టరుకు ఒక రియాలు, ఆ ప్రశ్నకు రెండు అని నానమ్మ లెక్క.

షంసా క్షేమం. ఇది నిజంగానే క్షేమం, రెండుసార్లు అడిగాను.


రూవీ
అక్టోబరు 27

తాతయ్యకు సలాములు.

మీ ఉత్తరం బల్ల మీద పెట్టి టీ తెచ్చుకునేలోపు ఉస్తాద్ యాఖూబ్ అటుగా వచ్చారు. "మీ ఊరి నుంచేనా? చూడొచ్చా?" అన్నారు. సంబరపడి ఇచ్చాను. ఆయన "ఇట్లు నీ తాత" దాకా చదివి ఆగిపోయారు.

"వెనక కూడా ఉంది సార్" అన్నాను.

"సంతకం తర్వాత ఉండేవి ఇంటి సంగతులమ్మా. పరాయివాణ్ణి, నేను చదవకూడదు" అని మొదటి పేజీని ఫైలులో పెట్టించారు. పైన ఇలా రాయించారు: "ఊరిపెద్ద స్వహస్తాలతో ఇచ్చిన ధ్రువీకరణ. ఊళ్ళో ఎవరికీ ఏ జబ్బూ లేదు."

నేను వదల్లేదు. ఆయన గదిలోకి వెళ్ళి మొత్తం వివరంగా చెప్పాను. రెండోసారి అడగందే మనవాళ్ళు చెప్పరని, డాక్టరుకు ఆ పద్ధతి తెలియదని. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నేను బిదియా ఎడారివాణ్ణి. ఈ మర్యాద నాకు తెలియనిదా? కానీ డాక్టరు ముందు దాన్ని ఎవరు పాటిస్తారు? మా వైపు చంటిపిల్లలు కూడా కడుపు నొప్పంటే కడుపు నొప్పనే చెబుతారు. మీ కొండవాళ్ళ మొద్దుతనానికి మర్యాద అని పేరు పెట్టకు" అన్నారు. నాకు కోపం వచ్చింది తాతయ్యా. కానీ ఆయన పెద్దవారు, పైగా నాకు ఉద్యోగం ఇచ్చినవారు.

కాబట్టి మీరే ఏదైనా చెయ్యాలి. శుక్రవారం నమాజు అయ్యాక, ఊరివాళ్ళు కూర్చునే సబ్లాలో అందరికీ చెప్పండి. డాక్టరు అతిథి కాదు, ఉద్యోగి. ఆయన మొదటిసారి అడగ్గానే చెప్పేయాలి. ఏదీ దాచకూడదు. నవంబరు కాగితంలో జబ్బులు కనిపిస్తే డాక్టరు మన ఊళ్ళోనే ఉంటారు.

మీ జువైనా

తా.క. నానమ్మ కన్ను లాంటి సంగతి సంతకం కింద రాస్తారా ఎవరైనా? ఇకనుంచి ముఖ్యమైనది మొదటి వాక్యంలో రాయండి.


హైల్ రుమ్మాన్
నవంబరు 12

నానమ్మ కంటికి శుక్లం వచ్చింది.

(నువ్వు చెప్పినట్టే మొదటి వాక్యంలో రాశాను. ఎంత మొరటుగా ఉందో చూడు.)

నా కంటివెలుగుకు దీవెనలు. నీ మాట ప్రకారం సబ్లాలో మగవాళ్ళందరినీ కూర్చోబెట్టాను. "సర్కారుకు మన జబ్బులు కావాలట" అన్నాను.

"ఎందుకు, వాళ్ళ దగ్గర లేవా?" అన్నాడు కాసిమ్.

"డాక్టరు అడగ్గానే చెప్పాలట. ఆయన అతిథి కాదట, ఉద్యోగి."

"ఉద్యోగి మన గడప తొక్కితే కహ్వా ఇవ్వమా?"

"ఇస్తాం."

"కహ్వా ఇస్తే అతిథేగా!"

"మనం ఆయన గడప తొక్కుతున్నాం కదరా."

"అయితే ఆయనే మనకు ఇవ్వాలి. ఇస్తున్నాడా?"

సాయంత్రం అస్ర్ నమాజు దాకా ఇదే గోల. చివరికి, డాక్టరు అడిగితే ఏదీ దాచకుండా అప్పుడే చెప్పాలని, ఆయన నొచ్చుకోకుండా కహ్వా మాత్రం మన ఇళ్ళ నుంచి పట్టుకెళ్ళాలని తీర్మానించాం.

మరునాటి నుంచి ఆసుపత్రి ముందు పెళ్ళివారి విడిదిలా ఉంది. మనవాళ్ళు ఒకసారి మాటిస్తే వెనక్కి పోరు కదా. చలిజ్వరాలు చెప్పారు, కీళ్ళనొప్పులు చెప్పారు. ఏదీ దాచవద్దన్నావని గనీమా తన మొగుడికున్న ఆయాసం సంగతి కళ్ళనీళ్ళతో చెప్పింది. అతను పోయి ఏళ్ళు గడిచాయని ఆమె చెప్పనూ లేదు, ఆయన అడగనూ లేదు. "రేపు పంపించమ్మా, చూస్తాను" అన్నాడు. ఆమె ఏడుపు రెట్టింపయింది. కాసిమ్ తన గాడిద దగ్గు గురించి మాట్లాడితే ఆయన అదెవరో ముసలాయన అనుకుని మందు రాశాడు. గాడిదకు బాగానే పనిచేసింది.

మనిషికొక కప్పు చొప్పున ప్రతివాళ్ళూ డాక్టరుకు కహ్వా పోశారు. చాలనుకుంటే కప్పు ఊపాలని ఆయనకు తెలియదు. పోసిందల్లా తాగాడు. మధ్యాహ్నానికి చేతులు వణికి సూది ఎక్కించలేకపోయాడు. "హాజీ, నా గుండె ఎందుకిలా కొట్టుకుంటోంది?" అని నన్నడిగాడు. "మీరు డాక్టరు కదా, మీకే తెలియాలి" అన్నాను.

ఈసారి కాగితం నిండుగా ఉంటుంది. ఇక నిశ్చింతగా ఉండు.

నీ తాత

తా.క. జాహిర్ తాత కూడా ఏదీ దాచకుండా తనకు మశూచి వచ్చిందని చెప్పాడు. మా ఇద్దరికీ మీసాలు రాకముందు మాట అది. డాక్టరు ఆ ముఖం మీది మచ్చలను ముచ్చటగా చూసి, జబ్బు పేరూ, అది వచ్చిన కాలమూ రాసుకున్నాడు. తన పేరు సర్కారు కాగితం ఎక్కిందని జాహిర్ ఊరంతా హల్వా పంచాడు.


రూవీ
డిసెంబరు 6

తాతయ్యా, మశూచి!

సలాములు తర్వాత చెబుతాను. మశూచి భూమ్మీదే లేకుండా పోయిందని మూడేళ్ళ కిందట ప్రపంచమంతా పండగ చేసుకుంది. ఇప్పుడు హైల్ రుమ్మాన్ అనే ఊళ్ళో మళ్ళీ పుట్టిందని మా ఆఫీసు కాగితం చెబుతోంది! డాక్టర్ రిఫత్ జబ్బు పేరు పక్కన "చిన్నతనంలో" అని రాశారు. కానీ మా పత్రంలో జబ్బుకు గడి ఉంది, అది ఎప్పుడు వచ్చిందో రాయడానికి గడి లేదు. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. నా బదులు కూర్చున్నామె గడిలో ఉన్నదే టైపు చేసింది. నేను పరుగెత్తి అసలు కాగితం చూపించేసరికి జీపులు బయల్దేరిపోయాయి. ఈ ఉత్తరం కంటే ముందే ముఖానికి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు మీ దగ్గరికి వచ్చేసి ఉంటారు. భయపడకండి, జాహిర్ తాతను దాచకండి.

పైవాళ్ళు ఉస్తాద్ యాఖూబ్‌ను అందరిముందూ నిలబెట్టి అడిగారు. "అక్టోబరులో ఈ ఊళ్ళో జలుబు కూడా లేదన్నావు. నవంబరులో మశూచి అంటున్నావు. ఏది నిజం?" అని. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బయటికొచ్చి నాతో ఒక్కమాటే అన్నారు: "నేనే వెళ్ళి చూస్తాను."

డిసెంబరు చివరివారంలో వస్తున్నారు. జబ్బులు లేవని ఆయనకు అనిపిస్తే డాక్టరును అదే జీపులో ఖుతైమ్ తీసుకుపోతారు. కాబట్టి ఆయన అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పించండి. ఇప్పుడున్న జబ్బులే చెప్పాలి. మనుషులవే చెప్పాలి. ఆ మనుషులు బతికుండాలి. నాకు భయంగా ఉంది తాతయ్యా, వదినకు అదే వారం.

మీ జువైనా

తా.క. ఆయన్ని చూడగానే మేకను కొయ్యకండి. తిన్న తర్వాత ఆయన ఎవరి మాటా వినరు, ఆఫీసులో రోజూ చూస్తున్నాను.


హైల్ రుమ్మాన్
జనవరి 3

డాక్టరు సామాను జీపులో ఎక్కించారు.

ముఖ్యమైనది మొదటి వాక్యంలో రాయమన్నావు, రాశాను. మిగతాది వరసగా చెబుతాను. మధ్యలో చివరి పేజీకి పోకు.

ముందుగా గుడ్డలు కట్టుకున్నవాళ్ళు వచ్చారు. వాగు దగ్గర తాడు కట్టి, మనుషుల్నీ కాసిమ్ ఎండు నిమ్మకాయల లారీనీ ఆపేశారు. జాహిర్‌ను టెంటులో కూర్చోబెట్టి డబ్బా అనాసపండు పెట్టారు. వాళ్ళ డాక్టరు వచ్చి చూసి, "ఇది నేను పుట్టకముందు తగ్గిపోయిన జబ్బు" అని తాడు విప్పించాడు. జాహిర్ మాత్రం అనాసపండు అయిపోయేదాకా టెంటు లోంచి బయటికి రాలేదు.

తర్వాత మీ ఉస్తాద్ యాఖూబ్ వచ్చాడు. నువ్వు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకున్నాను. నిజంగా జబ్బు ఉన్నవాళ్ళను ముగ్గుర్ని ఎంచి సబ్లాలో ముందు వరసలో కూర్చోబెట్టి, అడగ్గానే చెప్పాలని ఒట్టు వేయించుకున్నాను. ఆయన లోపలికొచ్చి కూర్చుంటూనే "ఏమిటి సంగతులు? ఊళ్ళో జబ్బులేమైనా ఉన్నాయా?" అన్నాడు.

"ఏమీ లేవు, అల్లా దయ!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. అందులో నా గొంతే పెద్దది. ఏం చెయ్యను జువైనా, ముసలి నోరు, దాని అలవాటు దానిది.

ముందు వరసలో హిలాల్‌కు చలిజ్వరం, కూర్చున్నచోటే వణుకుతున్నాడు. ఉస్తాద్ చూసి "ఎందుకయ్యా వణుకుతున్నావు?" అన్నాడు. "మీరొచ్చిన సంతోషానికి" అన్నాడు హిలాల్.

రెండోసారి అడుగుతాడుగా, అప్పుడు చెబుదామని కాచుకున్నాం. మేకను కొయ్యలేదు. ముందురోజే కోసి ఉంచాం, ఆయన్ని చూశాక కోసింది కాదు. ఆయన కడుపునిండా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, "నేను చెప్పలేదా!" అని ఏదో రాసుకున్నాడు. డాక్టరుతో "మీ సామాను జీపులో పెట్టించండి" అన్నాడు. ఆయన వెంటనే పెట్టించాడు. సైఫ్ ముఖం నేను చూడలేకపోయాను.

అప్పుడు కొండ మీద ఉరిమింది. అరగంటలో వాగు ఎర్రగా పొంగి దిగింది. జీపు ఇటే ఉండిపోయింది, ఉస్తాద్ కూడా ఇటే.

తెల్లారి ఆయన ఆసుపత్రి వరండాలో నడుము పట్టుకుని సగానికి వంగి కనిపించాడు. ఒళ్ళంతా చెమట. నేను కహ్వా కూజాతో అటే వెళుతున్నాను. డాక్టరు బయటికొచ్చి "ఏమిటి బాధ, ఉస్తాద్?" అన్నాడు.

"ఏ బాధా లేదు, అల్లా దయ" అన్నాడు మీ ఎడారివాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

డాక్టరు నావైపు చూశాడు. నేను ఆయనవైపు చూశాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నా దగ్గర కూజా అందుకుని, ఎడమచేత్తో వంచి, కుడిచేత్తో కప్పు అందించాడు, ఇక్కడే పుట్టినవాడిలా. రెండు ఖర్జూరాలు పెట్టాడు. ఉస్తాద్ తాగలేక తాగాడు. డాక్టరు నిదానంగా అడిగాడు: "ఇంకేమిటి సంగతులు?"

"చచ్చిపోతున్నాను డాక్టర్!"

మూత్రపిండంలో రాయట. సూది వేసి పడుకోబెట్టాడు. కాస్త తెరిపి రాగానే ఉస్తాద్ కళ్ళు తెరిచి "మొదట అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదు నేను?" అని డాక్టరునే అడిగాడు. "అది నాకు తెలియడానికి తొమ్మిది నెలలు పట్టింది" అన్నాడు డాక్టరు.

డాక్టరు సామాను జీపులోంచి దించారు గానీ, ఇంకా కట్టే ఉంది. ఉస్తాద్ ఏమీ తేల్చకుండానే, వాగు తగ్గాక నడుము పట్టుకుని వెళ్ళిపోయాడు. అక్కడ ఏం రాస్తాడో నువ్వే కనిపెట్టాలి.

నీ తాత

తా.క. ఉస్తాద్‌కు నొప్పి వచ్చిన రోజే, అదే గదిలో, మధ్య దుప్పటి తెర కట్టి షంసాను పడుకోబెట్టాం. తెరకు ఇటొక మూలుగు, అటొక మూలుగు. నానమ్మకు కన్ను సరిగా ఆనక తెరకు ఇటువైపు వచ్చి, ఉస్తాద్ నుదురు నిమిరి "ఇంకొంచెం ఓర్చుకో తల్లీ, తల కనిపిస్తోంది" అని చెప్పింది. అంతకుముందు డాక్టరు షంసాను ఎలా ఉందని అడిగితే ఆమె కూడా "ఏమీ లేదు" అనే అంది. "దీనికి కహ్వా దాకా ఆగను" అన్నాడాయన. బిడ్డ అడ్డం తిరిగి ఉందట, చేత్తో సరిచేశాడు. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఇది మొదటిసారి అడిగినా, రెండోసారి అడిగినా క్షేమమే.


రూవీ
జనవరి 20

తాతయ్యా, నానమ్మా, అన్నయ్యా, వదినా, చిట్టితల్లీ, అందరికీ సలాములు, ముద్దులు.

మీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీదే నిలబడి చదివాను. మీరు వద్దన్నా చివరి పేజీకే ముందు వెళ్ళాను. నేను ఏడుస్తుంటే కాపలావాడు నీళ్ళు తెచ్చిచ్చాడు.

ఉస్తాద్ యాఖూబ్ వచ్చారు. అందరూ "ప్రయాణం ఎలా జరిగింది?" అంటే "ఏ ఇబ్బందీ లేదు" అన్నారు. నేను మాత్రం ఆయన ముందు కహ్వా పెట్టి కూర్చున్నాను. ఆయన నన్నే చూసి, "అడగకమ్మా, నేనే చెబుతాను" అని మొత్తం చెప్పారు. దుప్పటి తెర సంగతి తప్ప. హైల్ రుమ్మాన్ ఆసుపత్రి అక్కడే ఉండాలని, ప్రతి ఆసుపత్రిలో ఊరిమనిషి ఒకరు గుమ్మంలో కూర్చుని రోగుల్ని పలకరించాలని రాశారు. ఖుతైమ్‌కు వేరే డాక్టరును అడిగారు. సంతకం కూడా అయింది.

కానీ తాతయ్యా, తర్వాత ఆయన తలుపు వేసి ఇంకో సంగతి చెప్పారు. ఈ ఊరికి నా అవసరం లేదు, మార్చండని డాక్టర్ రిఫతే వేసవి నుంచి అడుగుతున్నారట. లెక్కలు చూసి ఉస్తాద్‌కు ఆ మాట నిజమే అనిపించిందట. ఇప్పుడేమో మార్పిడి కూడా వద్దట. రుస్తాక్ ప్రైవేటు ఆసుపత్రి ఆయనకు పెద్ద జీతం, ఇల్లు ఇస్తానందట. సర్కారు ఉద్యోగం వదిలేస్తానని రాశారు. నెలాఖరుకు వెళ్ళిపోతారు.

ఆసుపత్రి ఉంటుంది, డాక్టరుండరు. ఇంకొకరు దొరకడానికి ఏడాది పట్టొచ్చు. కొండల్లోకి ఎవరూ రామంటున్నారు. ఇన్నాళ్ళూ మనం ఉస్తాద్‌తో పోట్లాడాం, పోట్లాడాల్సింది ఆయనతో కాదేమో. డాక్టరు ఎందుకు వెళ్ళిపోవాలనుకున్నారు తాతయ్యా? మనవాళ్ళు ఎవరైనా ఏమైనా అన్నారా?

మీ జువైనా

తా.క. అన్నీ చెప్పాక ఉస్తాద్ నన్నొకటి అడిగారు: "నా నుదురు నిమిరింది ఎవరమ్మా? మా అమ్మ పోయాక నన్నెవరూ అలా నిమరలేదు." ఎవరో నేను చెప్పలేదు. ఎందుకు నిమిరారో అసలే చెప్పలేదు.


హైల్ రుమ్మాన్
ఫిబ్రవరి 2

నా కంటివెలుగుకు దీవెనలు.

డాక్టరు ఉంటున్నాడు. ఇక నెమ్మదిగా చదువు.

నీ ఉత్తరం చదివి నేరుగా ఆయన గదికి వెళ్ళాను. ఆసుపత్రి వెనక ఉన్న ఒంటి గది అది, నువ్వు చూశావు. మూలన పెట్టెలు కట్టి ఉన్నాయి. మంచం మీద కూర్చుని చొక్కా బొత్తాం కుట్టుకుంటున్నాడు.

"ఎలా ఉన్నారు డాక్టరుగారూ?" అన్నాను.

"చాలా బాగున్నాను హాజీ, అల్లా దయ."

లేచి వచ్చేయబోయాను. నిజంగానే లేచాను జువైనా. గుమ్మం దాకా వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి. ఆయన ఊళ్ళోకి దిగిన రోజు సబ్లాలో నేనే అడిగాను, "అన్నీ సౌకర్యంగా ఉన్నాయా?" అని. "అన్నీ ఉన్నాయి" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఎవరూ ఆయన్ని మళ్ళీ అడగలేదు. మేమందరం కూర్చుని ఆయన రెండోసారి అడగడని ఆడిపోసుకున్నాం.

వెనక్కి వచ్చి కూర్చున్నాను. కహ్వా పోశాను. "ఇంకేమిటి సంగతులు నాయనా?" అన్నాను.

ఆయన సూది పక్కన పెట్టాడు. 

"నా భార్య కూడా డాక్టరు హాజీ. ఆడవాళ్ళ డాక్టరు. మన్సూరాలో ఉంది. మా పాపకు మూడేళ్ళు. నేనొచ్చేటప్పుడు దానికి మాటలు సరిగా రావు, ఇప్పుడు ఉత్తరాల్లో ప్రశ్నలు రాయిస్తోంది. ఈ గదిలోకి వాళ్ళనెలా తీసుకురాను?"

"చెప్పొచ్చు కదయ్యా!"

"ఎవరికి? ఆర్నెల్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీలో కూర్చున్నాను. రోజూ మనుషులు వచ్చారు, నవ్వారు, ఏమీ లేదన్నారు, తర్వాత లారీ ఎక్కి బజారు డాక్టరు దగ్గరికి పోయారు. నా కళ్ళముందే పోయారు. వీళ్ళకు నామీద నమ్మకం లేదనుకున్నాను. నమ్మని చోట డాక్టరు ఉండి ఏం లాభం?"

 నేను సబ్లాలో ఎన్ని తగవులు తీర్చానో నీకు తెలుసు. ఈ తగవులో నేనే ముద్దాయిని.

సాయంత్రం ఊరందరినీ పిలిచి చెప్పాను.  కాసిమ్ కుంటుకుంటూ లేచి, కాలువ పక్కనున్న తన కొత్త ఇంటి తాళంచెవి నా ఒళ్ళో పడేశాడు. "రెండు గదులు, ఒక దానిమ్మ చెట్టు. నేను పాత ఇంట్లోనే ఉంటాను. నా కాలు కట్టింది ఆయనే కదా, పాత ఇంటి మెట్లెక్కలేకపోతే ఆయనే వచ్చి ఎక్కించాలి" అన్నాడు. సైఫ్ వెళ్ళి డాక్టరు పెట్టెలు ఒక్కొక్కటీ భుజాన వేసుకుని అక్కడికి మోశాడు. డాక్టరు వద్దు వద్దంటూ వెనకే నడిచాడు. ఇల్లు చూశాక వద్దనడం మానేసి, దానిమ్మ చెట్టు కింద నిలబడి, "పాప అందుకుంటుంది, కొమ్మలు కిందికే ఉన్నాయి" అన్నాడు.

బజారు ఆసుపత్రికి రానని రాసేశాడు. అక్కడ కహ్వా పోసే ఖమీస్ ఆ కబురు విని తనే వచ్చి, ఇక్కడి గుమ్మంలో కూర్చునే ఉద్యోగం తనకిస్తారా అని అడిగి వెళ్ళాడు.

ఇక మిగిలింది నీ పని. ఆయన భార్య పేరు డాక్టర్ సుహైర్. ఇదే ఆసుపత్రిలో ఆవిడకు ఉద్యోగం కావాలి. ఉస్తాద్ యాఖూబ్‌ను కలువు. షంసా కాన్పుకు ఒక మగ డాక్టరూ, ఒకే తెరకు చెరోవైపు ఇద్దరు రోగులూ ఉండాల్సి వచ్చిందని, ఆ తెరకు ఒకవైపు తనే పడుకున్నాడని గుర్తు చెయ్యి. మన ఆడవాళ్ళు ఎన్ని సంగతులు మగవాడికి చెప్పలేక కడుపులో పెట్టుకున్నారో నువ్వు ఆడపిల్లవి, నాకంటే బాగా చెప్పగలవు. బడికి పంపినందుకు నిన్ను ఈ ఒక్కటే అడుగుతున్నాను.

నీ తాత ముహన్నా

తా.క. ఆడ డాక్టరు వస్తుందన్న మాట వాగు దాటి పోయింది. నిన్న ఖుతైమ్ నుంచి నలుగురు ఆడవాళ్ళు గాడిదల మీద వచ్చి ఆసుపత్రి వరండాలో చాపలు పరిచారు. "ఆవిడ ఇంకా ఈజిప్టులోనే ఉందమ్మా, వీసా కూడా రాలేదు" అన్నాను. "తెలుసు. వరసలో ముందుండాలని వచ్చాం" అన్నారు. ఇప్పుడు వాళ్ళకు మూడు పూటలా మన ఇంటి నుంచే భోజనం వెళుతోంది. నానమ్మ అడుగుతోంది, ఆవిడ ఉద్యోగం కాగితం మీద సంతకం ఎన్నాళ్ళకు అవుతుంది?